పండుగప్ప పులుసూ, పరాయి పొయ్యీ

ఇంద్రకాంత్‌కి కంటైనర్ల పిచ్చి పట్టింది. కాకినాడలో జోగారావు మాస్టారి దగ్గర ప్రోగ్రామింగు నేర్చుకునే వాళ్ళలో వాడే చురుకైనవాడు, కాదనలేం. కానీ ఆ సంగతి రోజుకోసారి తనే చెప్పుకోకపోతే వాడికి అన్నం అరగదు.

"ప్రోగ్రామూ, దానికి కావలసిన సరంజామా అంతా కంటైనరనే ఒక డబ్బాలో సర్దేస్తే చాలు మాస్టారూ. అడుగున మన మెషీన్లో ఉన్న ఆపరేటింగ్ సిస్టం, లినక్స్‌నే వాడుకుంటుంది. చిటికెలో లేస్తుంది. ఈ హైమ చూడండి, కంప్యూటర్లో ఇంకో కంప్యూటర్నే దింపింది! వర్చువల్ మెషీనట. అది లేచేలోగా టీ తాగి రావచ్చు. సర్వర్లో చోటంతా మింగేస్తోంది. తీసేయించండి."

హైమ మొహం పాలిపోయింది. "రైసుమిల్లు వాళ్ళ పాత తూకం ప్రోగ్రాము విండోస్ మీద తప్ప నడవదు మాస్టారూ. మన సర్వర్లో ఉన్నది లినక్సే కదా, అందుకే విండోస్ తో సహా దింపాను. ఇన్నాళ్ళ నా పనంతా ఆ మెషీన్లోనే ఉంది."

"సాకులు!" అన్నాడు ఇంద్రకాంత్.

మాస్టారు కళ్ళజోడు తుడుచుకున్నారు. "ఆదివారం మా ఇంట్లో భోజనాలు. కూరలు మీ ఇద్దరివీ. ఎవరి పద్ధతిలో వాళ్ళు తెచ్చుకోండి. తిన్నాక తేలుద్దాం."

ఆదివారం ఇంద్రకాంత్ మట్టి దాకతో దిగాడు. పండుగప్ప చేప ముక్కలు, చింతపండు రసం, ఉప్పూ కారం, నూనె, అన్నీ వాళ్ళమ్మ చేత కలిపించి, పైన గుడ్డతో వాసెన కట్టించాడు. మెట్లెక్కుతూ వెనక్కి చూస్తే ఏముంది, హైమ చిన్న సిలిండరూ, పొయ్యీ, కళాయీ, వంకాయల సంచీ మోసుకుంటూ రొప్పుతోంది.

"కాపురం పెట్టడానికొచ్చావా తల్లీ?" అని పడీపడీ నవ్వాడు. ఒక చెయ్యి వేస్తే వాడి సొమ్మేం పోయింది?

"ఇదిగో మాస్టారూ. అన్నీ ఇందులోనే ఉన్నాయి. పొయ్యి మీద పెట్టడమే తరువాయి."

"పెట్టు నాయనా."

వంటింటి గట్టు మీద నల్లగా, నున్నగా ఇండక్షన్ పొయ్యి. దాక పెట్టాడు. కుయ్యిమని అరిచి ఆరిపోయింది. మళ్ళీ పెట్టాడు, మళ్ళీ కుయ్యి. పక్కకి జరిపి చూశాడు. ఆంజనేయస్వామికి దణ్ణం పెట్టుకుని చూశాడు. మట్టిపాత్ర దాని మీద వేడెక్కదని వాడికి తెలియక కాదు. ఒప్పుకోవడానికి ప్రాణం ఒప్పలేదు, అంతే.

"మీ ఇంట్లో గ్యాసు లేదా మాస్టారూ?"

"నువ్వడగలేదుగా."

హాల్లో మిగతా శిష్యులు ఖాళీ కంచాల ముందు కూర్చుని గుటకలు వేస్తున్నారు. పెరటి వరండాలో హైమ పెట్టుకున్న పొయ్యి మీంచి వంకాయ వేపుడు వాసన గుమ్మని వస్తోంది. ఇంద్రకాంత్ దాక పట్టుకుని వరండా గుమ్మంలోకి వచ్చాడు.

హైమ కళాయి దించి, వీడి వంక చూసింది. "ఇలా ఇవ్వు" అని దాక అందుకుని తన పొయ్యి మీద పెట్టింది. కాసేపటికి పులుసు కుతకుతలాడింది.

మాస్టారు మారు వడ్డించుకుని, వేళ్ళు నాక్కుంటూ అన్నారు: "పులుసు అమృతంరా ఇంద్రకాంతూ! నీ దాకకి వంక పెట్టలేం. ఇక చెప్పు. సర్వర్లోంచి హైమ పొయ్యి తీసేయించమంటావా?"

ఇంద్రకాంత్ చెయ్యి కడుక్కుని వచ్చి, సిలిండరు భుజాన ఎత్తుకున్నాడు.

"నీ స్కూటరెక్కడ పెట్టావు హైమా?" అంటూ మెట్లు దిగాడు.