గుమ్మడాకు మధ్యాహ్నం ఎందుకు వాలుతుంది?

ఒకప్పుడు గుమ్మడాకులు పొద్దంతా గొడుగుల్లా విప్పుకునే ఉండేవర్రా. నడినెత్తిన ఎండ మండిపోతున్నా సరే, అంచైనా వంచేవి కావు. అంత బింకం!

సింగారమ్మ అనే ముసలావిడ పెరట్లో అలాంటి గుమ్మడి పాదు ఒకటుండేది. దాని పక్కన వంగ, ఆ పక్కన బెండ, మూలన బావి. గుమ్మడికి ఆ ఏడు ఒకే ఒక్క పిందె నిలిచింది, పిడికిలంత. దాన్ని చూసుకుని తెగ మురిసిపోయేది.

ఇంతలో వాన ముఖం చాటేసింది. బావి నీళ్లు అడుగుకి వెళ్లిపోయాయి. బావి కంగారుపడి కప్పని పిలిచి టముకు వేయమంది.

కప్ప గట్టెక్కింది. బుగ్గలు పూరించింది.

"పెరట్లో ఉన్న యావన్మందికీ తెలియజేయడమేమనగా! వాన పడేదాకా రోజుకి ఒక్కటే కడవ. అదీ పొద్దు వాలాకే. తలా ఒక చెంబు. మిట్టమధ్యాహ్నం ఎవ్వరూ నీళ్లు అడగరాదహో!"

"ఇదేం న్యాయం తాతా? దాహం వేసేదే మధ్యాహ్నం కదా!" అంది గుమ్మడి.

"అప్పుడు సూర్యుడు పైన నోరు తెరుచుకుని కూర్చుంటాడే తల్లీ. పోసిన దాంట్లో నీకెంత, ఆయనకెంత?" అంది బావి.

గుమ్మడి వింటేగా! మర్నాడు మధ్యాహ్నం సింగారమ్మ పెరట్లోకి వచ్చేసరికి, ఆకులన్నీ కిందికి వేలాడేసి, చచ్చిపోతున్నట్టు నటించింది.

"అయ్యో, నా బంగారు కొండా!" అంటూ ఆవిడ ఆ రోజు కడవంతా తెచ్చి గుమ్మడి పాదులో కుమ్మరించేసింది. గుమ్మడి వెంటనే ఆకులు నిక్కించి నవ్వింది. సాయంత్రం మిగతావాళ్లకి చెంబు కాదు కదా, చుక్క లేదు.

"సిగ్గులేదూ అక్కా నీకు? నా పూతంతా రాలిపోయింది," అంది వంగ.

"నా పిందె కోసం చేశానే. నీకూ పిందెలుంటే తెలిసేది!"

"పూత రాలితే పిందెలెక్కడినుంచి వస్తాయమ్మా, పైనుంచి ఊడిపడతాయా?"

రెండో రోజూ అదే నాటకం. మళ్లీ కడవ నీళ్లూ గుమ్మడికే. కానీ ఆ సాయంత్రం ఓ వింత జరిగింది. పిందె కొన పసుపు తిరిగింది.

"అమ్మా, దాహం!" అంది పిందె.

గుమ్మడి గుండె జారిపోయింది. కడవంతా నాకే పోశారు కదా, మరి ఆ నీళ్లన్నీ ఏమైనట్టు? ఎవరు తాగినట్టు? ఆలోచించింది, ఆలోచించింది, ఏమీ తోచలేదు.

మూడో రోజు కూడా పొద్దెక్కగానే ఆకులు వేలాడేసి కూర్చుంది. సింగారమ్మ రాలేదు. పెసలు విసరడానికి పొరుగింటికి వెళ్లి, అక్కడ కబుర్లలో పడిపోయింది. పాపం గుమ్మడి అలా వాలిపోయే ఉంది.

అప్పుడు పైనుంచి సూర్యుడు పలకరించాడు.

"ఏమ్మా గుమ్మడీ! రోజూ పళ్లేలు పట్టినట్టు ఆకులు పరిచేదానివి. హాయిగా తాగి వెళ్లేవాణ్ని. ఇవాళేంటి, ఒక్క పళ్లెమూ అందట్లేదు?"

గుమ్మడి ఉలిక్కిపడింది. ఓహో! నా నీళ్లు తాగింది ఈయనా? పళ్లేలు పట్టింది నేనేనా?

సరిగ్గా అప్పుడే సింగారమ్మ కడవతో పరుగెత్తుకొచ్చింది.

"వద్దత్తా! పొయ్యకు!" అని అరిచింది గుమ్మడి.

"చచ్చేలా ఉన్నావు, వద్దంటావేమే?"

"చావనత్తా. ఎండకి అందకుండా ఒదిగాను, అంతే. సాయంత్రం పోద్దువుగానీ. ముందు వంగకి పొయ్యి."

సింగారమ్మకి నమ్మకం కుదర్లేదు. పాదులో వేలు గుచ్చి చూసింది. అరె, లోపల తడి అలాగే ఉంది! కడవ నీడలో దించి, ఎండుటాకులు తెచ్చి పాదులన్నిటికీ దుప్పటిలా కప్పింది.

పొద్దు వాలింది. చెంబు ఇంకా రాకముందే గుమ్మడాకులు వాటంతటవే లేచాయి. తర్వాత వంగకో చెంబు, బెండకో చెంబు, గుమ్మడికో చెంబు. పిందె గుటగుటా తాగి నిద్రపోయింది.

ఇరవై రోజులు అలాగే నెట్టుకొచ్చారు. ఆనక వాన దంచికొట్టింది. బావి నిండింది. పిందె రోలంత కాయైంది. వంగ మళ్లీ పూసింది.

"ఎవరికెన్ని కావాలంటే అన్ని తాగవచ్చహో!" అని కప్ప టముకేసింది.

"ఇంకెందుకక్కా మధ్యాహ్నం ఆ వాలిపోవడం?" అంది వంగ.

"బావి నిండితే మాత్రం? ఆయన దాహం తీరిందంటావా?" అని గుమ్మడి ఆకాశంలోకి చూపించింది.

అప్పటినుంచే, పాదులో ఎంత తడి ఉన్నా సరే, మిట్టమధ్యాహ్నం గుమ్మడాకులు వాలిపోతాయి. కంగారుపడి కడవ ఎత్తకండర్రా. పొద్దు వాలాక వెళ్లి చూడండి, ఒక్కొక్కటే లేచి గొడుగుల్లా విప్పుకుంటుంటాయి.