వంగిన రేకు

అడిగిన ప్రశ్నకు తిన్నగా జవాబు చెప్పడం సోమాచారిగారి జాతకంలోనే లేదు. ముందు అడిగినవాడి చేతిలో ఏముందో చూసేవారు, తర్వాత మొహం చూసేవారు. అప్పటికీ చెప్పాలనిపిస్తే చెప్పేవారు, లేకపోతే కుంపటి ఊదుకునేవారు. నరసాపురంలో బంగారప్పని చేసేవాళ్ళలో సగంమంది ఆయన దగ్గర పొగకి దగ్గుతూ పని నేర్చుకున్నవాళ్ళే. వాళ్ళందరిలో నీలకంఠం చెయ్యి గొప్పదని ఆయనే నలుగురి దగ్గరా అనేవారు, అతని ఎదుట మాత్రం ఒక్కనాడూ అనలేదు.

ఆ నీలకంఠం ఒక బుధవారం పొద్దున్నే వచ్చి, కూర్చోకుండానే అడిగాడు.

"గురువుగారూ, బంగారం అదే, తూకం అదే, రూపం అదే అయినప్పుడు పాత ఉంగరానికీ కొత్త ఉంగరానికీ తేడా ఏమిటి?"

సోమాచారిగారు అతని చేతికేసి చూశారు. గులాబీరంగు కాగితం పొట్లం ఒకటి ఉంది.

ఈమధ్య పెళ్ళి ఉంగరాల గిరాకీ అంతా ఒక తమాషాగా తయారైంది లెండి. అద్దాల వెనక తళతళలాడేవాటిని కాదని, అమ్మమ్మ పెట్టెలో అరిగిపోయిన ఉంగరం వెతికి తెచ్చి, దీన్నే నా వేలికి సరిచెయ్యమనేవాళ్ళు కొందరు. కాగితం మీద బొమ్మ గీసుకొచ్చి, ఇలాంటిది ఊళ్ళో ఇంకొకరి వేలికి ఉండకూడదనేవాళ్ళు ఇంకొందరు. నీలకంఠానికి ఇదంతా వేలంవెర్రి అనిపించేది. కరిగిస్తే అంతా ఒకటే కదా అనేవాడు. కానీ ఆరోజు అడిగింది మాత్రం ఊసుపోక కాదు.

నాలుగురోజుల కిందట కెజియా అనే అమ్మాయి వాళ్ళ అమ్మమ్మ రాహేలమ్మ ఉంగరం తెచ్చి ఇచ్చింది. ఆ అమ్మాయి స్కూల్లో టీచరు. గురువారం ఆమెకి ప్రధానం. క్రైస్తవుల్లో నిశ్చితార్థాన్ని అలాగే అంటారు, ఉంగరాలు మార్చుకునేది ఆరోజే. రాహేలమ్మ బతికున్నన్నాళ్ళూ లేసు అల్లిన మనిషి, పోయి ఇంకా ఏడాది కాలేదు. ఎర్రరాయి చుట్టూ ఎనిమిది రేకులున్న పువ్వు ఆ ఉంగరం. అందులో ఒక రేకు వంగి, పడుకుని ఉంది. మనవరాలి వేలు కాస్త లావు కాబట్టి, ఉంగరం చుట్టును కోసి, మధ్యలో చిన్న ముక్క వేసి అతకాలి. గంట పని.

ఆ గంట పనిలోనే కొంప మునిగింది. ఎప్పుడో ఎవడో తెలియనివాడు ఆ ఉంగరానికి అడుగున సీసంతో అతుకు వేశాడు. సీసం మొత్తం గీకి పారేయకుండా నిప్పు చూపిస్తే అది బంగారంలోకి దిగి తినేస్తుంది. పని నేర్చుకునేటప్పుడు మొదటి నెలలోనే చెప్పే మాట ఇది. ఇరవయ్యేళ్ళ అనుభవమున్న నీలకంఠం తొందరలో ఉంగరం తిరగేసి చూడలేదు. మంట తగలగానే ఉంగరం చుట్టుతోపాటు సగం రేకులు బెల్లప్పాకంలా కుప్పకూలాయి. అతని పైప్రాణాలు పైనే పోయాయి.

ఆ తర్వాత అతను చేసిన పని వింటే మెచ్చుకోవాలో తిట్టాలో తెలియదు. ఆ బంగారాన్నే శుద్ధిచేసి, తిండీ తిప్పలూ మాని, ఫోనులో తీసిపెట్టుకున్న ఫొటో చూస్తూ మళ్ళీ ఉంగరం చేశాడు. అవే ఎనిమిది రేకులు, అదే ఎర్రరాయి. కొత్త మెరుపు పోవడానికి ఇసుకతో రుద్ది అంచులు అరగదీశాడు. చివరికి ఆ ఒక్క రేకునీ పట్టకారుతో వంచేశాడు. చెబితే ఆ పిల్ల ప్రధానం ముందురోజు ఏడుస్తుంది, చెప్పకపోతే నవ్వుతూ పెట్టుకుంటుంది, చెప్పకపోతే పోయేదేముందని గురువుగారి దగ్గర వాపోయాడు. ఆయన ఊఁ అంటే చాలని వచ్చాడు.

సోమాచారిగారు ఉంగరాన్ని గుమ్మం వెలుగులో తిప్పి తిప్పి చూశారు. పని బాగుందన్నారు. ఆ మాట కోసం ఇరవయ్యేళ్ళు కాచుకున్నవాడికి ప్రాణం లేచొచ్చింది. ఆయన పొట్లం మళ్ళీ కట్టి ఇస్తూ, నీలకంఠం మధ్యవేలి కేసి చూశారు.

"నాలుగేళ్ళ కిందట పగిలిందని నీ పెళ్ళి ఉంగరం నాకిచ్చావు. అది నా చేతిలో ఇలాగే పోయిందిరా. ఇప్పుడు నీ వేలికున్నది నేను చేసింది."

ఒక్క క్షణం ఆయన ఏమన్నారో నీలకంఠం బుర్రకెక్కలేదు. తన ఉంగరాన్ని తానే మంటలో పెట్టడానికి మనసొప్పక గురువుగారి చేతిలో పెట్టిన మాట నిజమే. ఆ ఉంగరాన్ని నిశ్చితార్థంనాడు అతని భార్య సత్యవేణి కంగారులో మధ్యవేలికి తొడిగింది, చుట్టాలంతా గొల్లున నవ్వారు, ఆమె మొహం కందిపోయింది. ఆమె తొడిగిన వేలిని మార్చడం ఇష్టంలేక అతను ఈనాటికీ అక్కడే ఉంచుకున్నాడు. మరి ఇదేమిటి? గబగబా ఊడబీకి వెలుగులో పెట్టాడు, భూతద్దం తీసి చూశాడు, గోటితో గీకాడు. చేత్తో తాకి బంగారం వన్నె చెప్పగలవాడికి, పదకొండేళ్ళు తన ఒంటిమీదున్న ఉంగరం తనదో కాదో తెలియలేదు. అది తెలియకపోవడమే అతన్ని మరీ భయపెట్టింది.

నాలుగేళ్ళు నన్నూ నా పెళ్ళాన్నీ మోసం చేశారా అని నిలదీశాడు. సోమాచారిగారు కుంపటి ఊదుకుంటూ, బంగారం నీదే, తూకం అదే, రూపం అదే అన్నారు. నీలకంఠం ఆ ఉంగరాన్ని మళ్ళీ పెట్టుకోలేకపోయాడు. పీటమీద పెట్టేసి, తెల్లమొహం వేసుకుని నిలబడ్డాడు.

అంతలో కెజియా వచ్చింది. నీలకంఠం షాపు మూసి ఉండడం చూసి, పక్కవాళ్ళు చెబితే వెతుక్కుంటూ వచ్చిందట. అతని దగ్గర పొట్లం అందుకుని, విప్పి ఉంగరం పెట్టుకుంది. సరిగ్గా సరిపోయింది. ఆ పిల్ల కళ్ళు చెమర్చాయి. వంగిన రేకును బొటనవేలితో నిమురుతూ, దీని కథ చెప్పనేలేదు కదా బాబాయిగారూ అంది. పెళ్ళయిన మూడోనాడే లేసు దారం ఆ రేకుకు తగులుకుని తెగిందట. రాహేలమ్మ అల్లికసూది వెనకభాగంతో రేకును నొక్కి పడుకోబెట్టేసిందట. కొత్త ఉంగరం పాడుచేశావని మొగుడు కేకలేస్తే, మనకి కూడు పెట్టేది దారం గానీ పువ్వు కాదు అందట. చిన్నప్పుడు నిద్రపట్టకపోతే అమ్మమ్మ వేలికున్న ఈ రేకునే ఇలా నిమురుతూ పడుకునేదాన్నని చెప్పింది.

నీలకంఠం నిలువునా నీరైపోయాడు. అదేదో దెబ్బ తగిలి వంగిందనుకున్నాడు తను. పట్టకారుతో ఒక్క నొక్కు నొక్కాడు, అంతే. గురువుగారు తలెత్తలేదు. ఊరుకుంటే ఆ పిల్ల వెళ్ళిపోయేది.

"అమ్మా, ఆ రేకు వంచింది మీ అమ్మమ్మ కాదు. నేను. నిన్న మధ్యాహ్నం."

ఆమె ముందు పరాచికమనుకుని నవ్వింది. అతని మొహం చూశాక ఆ నవ్వు అలాగే ఆగిపోయింది. అతను జరిగినదంతా చెప్పుకొచ్చాడు, ఒక్క ముక్క దాచలేదు. ఆమె కాలినదాన్ని తీసినట్టు ఉంగరం తీసేసి, గుమ్మంలో చతికిలబడింది. ఏడ్చింది. మీ చేతులెలా ఆడాయని అడిగింది. మీరు చెప్పకపోయుంటే రేపు నా పిల్లలకి కూడా దీన్ని చూపించి ఈ కథే చెప్పేదాన్ని కదా అంది.

ఏడుపు తగ్గాక, ఇందులో అమ్మమ్మది ఏమైనా ఉందా అని అడిగింది. రాయి ఆమెదే, బంగారమూ ఆమెదే, ఆకురాయితో రాస్తే రాలిన పొడి కూడా పోనివ్వలేదని చెప్పాడు. ఆమె కళ్ళు తుడుచుకుని ఉంగరం అతనికి ఇచ్చింది.

"అయితే ఈ రేకు పైకి లేపేయండి. మా అమ్మమ్మ వంచనిది వంగి ఉండకూడదు."

అతను గురువుగారి పట్టకారుతో రేకు లేపాడు. ఎనిమిదీ సమంగా నిలబడ్డాయి. ఆమె దాన్ని వేలికి పెట్టుకోకుండా గులాబీ కాగితంలో చుట్టుకుంది. రేపు ప్రధానంలో పెళ్ళికొడుకు తొడిగేదాకా ఇది ఎవరిదీ కాదు అంది. నవ్వలేదు, కోప్పడనూ లేదు, వెళ్ళిపోయింది.

నీలకంఠానికి అప్పుడు పీటమీదున్న తన ఉంగరం గుర్తొచ్చింది. ఇంటికెళ్ళి సత్యవేణికి ఏం చెప్పాలో తెలియక, నాలుగేళ్ళు కడుపులో ఎలా దాచుకున్నారని గురువుగారిని అడిగాడు.

సోమాచారిగారు ఊదుగొట్టం పక్కన పెట్టారు.

"దాచడానికేముందిరా. నీ పాత ఉంగరానికే అతుకు వేసి ఇచ్చాను, అది నీదే. ఇవాళ నేనొక మాటన్నాను, అంతే. వేలినుంచి తీసింది నువ్వు."