జయంధరుడు కిరీటం కట్టించుకున్న కథ

దగ్గరికి జరగండర్రా. తల గోక్కునేవాళ్ళు ఆ చివర కూర్చోండి. అనగా అనగా పాలవాక అనే రాజ్యం, దానికో రాజు, ఆ రాజుకి ముగ్గురు కొడుకులు.

ఆ రాజ్యంలో ఒక ఆచారం. కిరీటం ఊరికే తలమీద పెట్టరు. నడినెత్తిన సిగ ముడిచి, పట్టుతాడుతో ఆ సిగకి కడతారు. సిగ లేనివాడికి కిరీటం లేదు. ఎవడు పెట్టాడో ఆ ఆచారం! జుట్టు ఊడని మహానుభావుడే అయ్యుంటాడు.

పెద్దవాడికి ఇరవై నిండగానే నుదుటి రెండు మూలలా జుట్టు వెనక్కి పోయింది. తర్వాత నడినెత్తి పలచబడింది. తర్వాత చెవుల చుట్టూ అంచు మిగిలింది. రెండోవాడికీ అంతే. మూడోవాడు జయంధరుడికీ అంతే.

పెద్దవాడు ఉల్లిపాయ రసం పట్టించాడు. పక్కవాళ్ళకి కన్నీళ్ళొచ్చాయి గాని తనకి వెంట్రుక రాలేదు. రెండోవాడు వెంట్రుక మొలుస్తుందని నెత్తి గట్టిగా రుద్దించాడు. పుండు పడింది. జయంధరుడు గుంటగలగరాకు నూనె రాశాడు. జుట్టు ఉన్నచోట జుట్టు నిగనిగలాడింది, లేనిచోట నెత్తి నిగనిగలాడింది.

"విజయదశమికి పట్టాభిషేకం" అన్నాడు రాజు. "మీ ముగ్గురిలో ఒక్కడికీ సిగ లేకపోతే రాజ్యం మన దాయాది దుర్జయుడిది."

దుర్జయుడికి తలమీద అడవంత జుట్టు. తలలోపల ఖాళీ కుండ.

ఏడు సముద్రాల అవతల నేలమీద జీరాడే జడలతో జటాలుడనే మాంత్రికుడున్నాడనీ, రాజకుమారుల జుట్టు దొంగిలించేది వాడేననీ ఊరంతా చెప్పుకునేవారు. "నువ్వెళ్ళరా తమ్ముడూ, ఎండకి మా నెత్తులు మాడిపోతాయి" అన్నారు అన్నలు.

జయంధరుడు బయల్దేరాడు. సముద్రపు ఒడ్డున ఒక రాబందు గొంతులో ఎముక అడ్డుపడి గిలగిల్లాడుతోంది. చెయ్యి పెట్టి ఎముక తీశాడు.

"జుట్టుకోసమా ఇంత దూరం?" అంది రాబందు. "నన్ను చూడు, బోడితలతోనే మబ్బులు ఏలుతున్నాను. సరే, ఎక్కు నాయనా."

ఒక సముద్రం దాటారు. రెండు దాటారు. ఏడూ దాటారు.

మాంత్రికుడి కోటలో ఒక అమ్మాయి రోట్లో ఆకులు నూరుతోంది. పేరు మంజీర, వాడు ఎత్తుకొచ్చిన రాజకుమార్తె. జుట్టు మెడ దాకా కత్తిరించి ఉంది.

"నువ్వూ జుట్టుకేనా? నీకు ముందు నలభై మంది వచ్చారు. అందరూ వాడికి కట్టెలు కొడుతున్నారు" అంది.

"మా జుట్టు దొంగిలించాడట కదా?"

"దొంగిలించేందుకు నీ నెత్తిన ఏముందయ్యా? మీ తాతకి జుట్టుండేదా?"

"తలపాగా తీస్తే కదా చూడ్డానికి!"

"మీ అమ్మగారి తండ్రికి?"

"ఆయనా తలపాగానే."

మంజీర పకపకా నవ్వింది. "ముక్కు వంశంలోంచి వచ్చినట్టే బట్టతలా వస్తుంది. మగవాడికి వయసు రాగానే ఒంట్లో ఊరే రసమే జుట్టు కుదుళ్ళని ఏటికేడు సన్నబరుస్తుంది. దొంగా లేడు, శాపమూ లేదు. మందారాకు, ఉసిరి, గుంటగలగర రోజూ నూరుతున్నాను. తల చల్లబడుతుంది, ఉన్న వెంట్రుక మెత్తబడుతుంది. చచ్చిన కుదుర్లోంచి మొలిపించే ఆకు మాత్రం నేను చూళ్ళేదు."

"మరి వాడికి నేలమీద జీరాడే జడలో?"

"అవి నావి! కత్తిరించి సవరం కట్టుకుంటాడు దొంగవెధవ. వాడి ప్రాణం చిలకలో ఉంది. ఆ చిలక పంజరం మాత్రం నిద్రలో కూడా చేతిలోంచి వదలడు."

జయంధరుడు ఆలోచించాడు. రాబందు చెవిలో ఏదో చెప్పాడు.

జటాలుడు పంజరం పట్టుకుని, జడలు ఊపుకుంటూ వచ్చాడు. "ఎవడ్రా అక్కడ?" అని అరిచాడో లేదో, పైనుంచి రాబందు రెక్కలు టపటపలాడించింది. సుడిగాలి లేచింది. సవరం ఎగిరిపోతుందని భయపడి వాడు రెండు చేతులతో తల పట్టుకున్నాడు. పంజరం కింద పడింది. జయంధరుడు ఒక్క గంతులో అందుకున్నాడు.

"చంపకు నాయనా!" అని వాడు కాళ్ళమీద పడ్డాడు. సవరం జారి గుమ్మడికాయలాంటి నెత్తి బయటపడింది. "మా నాన్నకీ ఇంతే, మా తాతకీ ఇంతే!" అని ఏడ్చాడు.

"చిలకేం పాపం చేసింది చంపడానికి?" అంది మంజీర. "జామపళ్ళు పెట్టి నేను పెంచుతాను. ఒరే మాంత్రికుడా, నువ్వు నోరు మూసుకుని నూనె కాచు."

నలభై మందినీ విడిపించి అందరూ తిరిగొచ్చేసరికి విజయదశమి. సభలో దుర్జయుడు సిగకి పూలు చుట్టుకుని మరీ నిలబడ్డాడు.

"సిగ ఏదీ?" అన్నాడు మంత్రి.

"లేదు. రాదు. మా వంశంలోనే లేదు" అన్నాడు జయంధరుడు. తండ్రి వైపు తిరిగాడు. "నాన్నగారూ, ఒక్కసారి తలపాగా తీయండి."

రాజు తలపాగాని రెండు చేతులతో నొక్కిపట్టుకున్నాడు.

"మీరు ముందే చెప్పుంటే మేం ముగ్గురం నేరం చేసినవాళ్ళలా తలలు దాచుకునేవాళ్ళమా?"

రాజు తలపాగా తీశాడు. దాంతోపాటు గుర్రపు తోకతో చేసిన సవరమూ ఊడొచ్చింది. సభ నివ్వెరపోయింది. అంతలో సేనాపతి తలపాగా తీశాడు. మంత్రి తీశాడు. చూస్తుండగానే సభంతా పున్నమిచంద్రులు!

"ఏడు సముద్రాలూ దాటినవాడికే కట్టండి" అన్నారు అన్నలు. మంజీర లేచి పట్టుతాడు తీసుకుంది. జయంధరుడి నెత్తిన కిరీటం పెట్టి, తాడు గడ్డం కిందుగా తెచ్చి బిగించి ముడేసింది.

"కిరీటం నిలవడానికి కావలసింది తాడయ్యా" అంది. "వెంట్రుకలు కాదు."

దుర్జయుడు పూలు పీక్కుని ఇంటికి పోయాడు. ఆ ముహూర్తానికే జయంధరుడికీ మంజీరకీ పెళ్ళయింది. నలభై ఏళ్ళు చల్లగా ఏలారు. మంజీర జడ మళ్ళీ మోకాళ్ళు దాటింది. పుట్టిన కొడుకులకి ఇరవై నిండగానే నుదురు పెరిగింది. ఎవడూ ఏడవలేదు. ఇక లేవండి, అన్నాలు చల్లారిపోతున్నాయి.