గుమ్మం దగ్గర సువార్తమ్మ కుండ

కాళ్లు ముడుచుకో నాయనా. ముందు కాళ్లు ముడుచుకో, తరవాత కథ.

చాపంతా నీదే అయినట్టు బారజాపుకుని కూర్చున్నావు. ఇందాక గుమ్మం దగ్గర ఒకామె పిల్లను చంకనేసుకుని నిలబడింది. నువ్వు చూశావు. చూసి, పాటల పుస్తకంలోకి తల దించావు. చదువు రానివాడివి, ఆ పుస్తకంలో ఏం వెతుక్కున్నావు? ఆమె కాసేపు నిలబడి వెళ్లిపోయింది. నువ్వు తల ఎత్తి మళ్లీ పాడావు.

నిన్నొక్కణ్ణే అనడం లేదు. నేనూ అలా తల దించినవాణ్ణే. మన ఊరికి ఆ తల దించడం తాతల నాడే అలవాటైంది. ఎలా అలవాటైందో సిగ్గుపడుతూ చెబుతాను. నువ్వూ సిగ్గుపడుతూ విను.

మన ప్రార్థన గుడికి తాటాకు కప్పు ఉన్న కాలం. గంట కొనని కాలం. ఇనప ముక్క ఒకటి వేలాడగట్టి రాయితో కొడితే అదే గంట. అంత పాతకాలంలో ఈ ఊళ్లో సువార్తమ్మ అనే మనిషి ఉండేది.

ఆమెకు ఒక గుడిసె ఉంది, ఒక చేట ఉంది, ఒక చీపురు ఉంది. నాలుగోది లేదు. భర్త పాము కరిచి పోయాడు. పిల్లలు లేరు. వారమంతా ఇంటింటికీ వెళ్లి వడ్లు దంచేది, చెరిగేది. ఆదివారం గుడి ఊడ్చేది.

అప్పుడూ ఇప్పటిలాగే పిడికెడు బియ్యం ఆనవాయితీ ఉంది. ఎసరు పెట్టిన ప్రతిసారీ ఇల్లాలు ఒక పిడికెడు బియ్యం తీసి దేవుడి పేరున పక్కన పెడుతుంది. ఆదివారం కొంగున కట్టి తెచ్చి గుడిలో పెద్ద గంపలో పోస్తుంది. ఆ బియ్యం ప్రార్థన చేయించే అయ్యగారి ఇంటికి కొంత, మంచాన పడ్డవాళ్లకు కొంత.

పోసేటప్పుడు గింజలు రాలతాయి కదా. సంఘానికి పెద్ద జకరయ్య ఒకనాడు భార్య పక్కన ఉండగా, పదిమంది వింటుండగా అన్నాడు:

"సువార్తమ్మా, ఊడ్చిన గింజలు నీవే. అదే నీ కూలి."

"సరే అయ్యా" అంది సువార్తమ్మ.

జకరయ్య చెడ్డవాడని అనుకోవద్దు. తాగడు. ఒకరి సొమ్ము ముట్టడు. గుడి కప్పుకి తాటాకు తన భుజాన మోశాడు. కానీ ఆయనకు ఒక గుణం ఉంది. ఆదివారం గుమ్మం దగ్గర నిలబడి వచ్చేవాళ్ల చేతులు చూసేవాడు. ముఖాలు చూసేవాడు కాదు.

"చేతిలో ఏముంది?" అని అడిగేవాడు. బియ్యం ఉంటే పక్కకు జరిగేవాడు. లేకపోతే జరిగేవాడు కాదు.

ఆ ఏడు ఊరి బయట కొండ దగ్గర రాళ్లు కొట్టే పని పడింది. ఎక్కడెక్కడివాళ్లో వచ్చి గుడారాలు వేసుకున్నారు. మన పాట గాలికి వాళ్ల దాకా వెళ్లేది.

మొదటి ఆదివారం ఒక ముసలాయన వచ్చాడు.

"చేతిలో ఏముంది?" అన్నాడు జకరయ్య.

ముసలాయన చేతులు తిప్పి చూసుకున్నాడు. బొబ్బలున్నాయి. వెనక్కి తిరిగిపోయాడు. సువార్తమ్మ చూసింది. చూసి, తల దించి చీపురు పట్టుకుంది.

రెండో ఆదివారం ఇద్దరు అక్కచెల్లెళ్లు వచ్చారు.

"చేతిలో ఏముంది?"

వాళ్లు చేతులు పైటలో దాచుకున్నారు. వెనక్కి తిరిగిపోయారు. సువార్తమ్మ చూసింది. చూసి, తల దించి చీపురు పట్టుకుంది.

ఆ సాయంత్రం ఊడ్చిన గింజలు ముందేసుకుని చెరుగుతుంటే ఆమె చెయ్యి ఆగిపోయింది.

"ఈ చేట రాళ్లను వదిలి గింజల్ని ఉంచుతుంది. నేను రెండు వారాలుగా గింజల్నే వదిలేశాను" అనుకుంది. ముఖం కాలినట్టయింది.

ఆనాటి నుంచి ఆమె ఒక పని మొదలుపెట్టింది. ఊడ్చిన గింజలు చెరిగి, ఏరి, నిండు గింజలు ఒక కుండలో పోసింది. మట్టి కలిసిన నూకలు ఇంకో కుండలో పోసింది. నూకలు తను కాచుకుని తాగింది. నిండు గింజలు ఆదివారానికి ఉంచింది.

మూడో ఆదివారం అంకమ్మ వచ్చింది. రాళ్లు కొట్టే పోలయ్య భార్య. పది రోజుల కిందటే కొండ పక్కన బిడ్డను పూడ్చిపెట్టింది. నలుగురు పాడేచోట కూర్చుని ఏడవాలని వచ్చింది. అంతకు మించి ఏమీ కోరలేదు.

గుడి మలుపు దగ్గర సువార్తమ్మ కాచుకుని ఉంది.

"చెయ్యి పట్టమ్మా" అంది. ఆ దోసిట్లో ఒక పిడికెడు బియ్యం పోసింది.

"ఇదెందుకవ్వా?"

"లోపల గంపలో పోయి. ఎవరైనా అడిగితే చెయ్యి చూపించు."

"చేతిలో ఏముంది?" అన్నాడు జకరయ్య. అంకమ్మ చూపించింది. ఆయన పక్కకు జరిగాడు.

లోపల చాపలన్నీ నిండి ఉన్నాయి. అంటే, నిండినట్టు కూర్చున్నారు. సువార్తమ్మ ఆడవాళ్ల మధ్యకు వెళ్లింది.

"జరగండమ్మా, జరగండి. చోటుంది."

"ఎక్కడుందే చోటు, నీ నెత్తి మీదా?" అంది ఒకావిడ.

"నీ నడుము కింద ఉంది వదినా. కాస్త కదిలావంటే రెండు కుటుంబాలు పడతాయి."

అందరూ నవ్వారు. నవ్వుతూ జరిగారు. అంకమ్మ కూర్చుంది. పాట మొదలవగానే కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది.

సోమవారం సువార్తమ్మ చేట చంకన పెట్టుకుని గుడారాల దగ్గరకు వెళ్లింది. దేవుడి మాట ఎత్తలేదు. రాయి మీద కూర్చుని ఒక్కటే అడిగింది:

"నీ బిడ్డ పేరేంటమ్మా?"

అంకమ్మ చేతిలో పని పక్కన పెట్టింది. "నాగులు" అంది. "ఈ ఊళ్లో ఎవరూ అడగలేదవ్వా."

అంతే నాయనా. సువార్తమ్మ చేసింది మూడు పనులు. వచ్చినవాళ్ల చేతిలో పిడికెడు పోసింది. పక్కన చోటు చేసింది. మర్నాడు వాళ్ల గుడారానికి వెళ్లి పేర్లు అడిగింది. నాలుగోది చెయ్యలేదు. పది వారాలు తిరిగేసరికి ముసలాయన వచ్చాడు, అక్కచెల్లెళ్లు వచ్చారు, పోలయ్య వచ్చాడు, వాళ్ల వెనక గుడారాలన్నీ వచ్చాయి. గుడిలో చాపలు చాల్లేదు.

ఒక ఆదివారం జకరయ్య లోపలికి వచ్చేసరికి, తను కూర్చునే ముందు వరస చాప మీద రాళ్లు కొట్టేవాళ్ల పసివాడు నిద్రపోతున్నాడు. ఆయన బయటికి వచ్చాడు. గోడ మలుపు దగ్గర సువార్తమ్మ మూటలోంచి ఒకరి చేతిలో బియ్యం పోస్తూ కనిపించింది.

పది వారాలుగా తన గుమ్మం దగ్గర తనను వెర్రివాణ్ణి చేశారనుకున్నాడు. ఆమె చెయ్యి పట్టుకుని అందరి ముందుకూ లాక్కొచ్చాడు.

"మూట విప్పు."

సువార్తమ్మ విప్పింది. తెల్లని బియ్యం. ఒక్క రాయి లేదు, ఒక్క నూక లేదు.

"చూశారా? దేవుడి గంపలోంచి తీసింది."

"ఊడ్చిన గింజలయ్యా ఇవి" అంది సువార్తమ్మ.

"ఊడ్చిన బియ్యం ఇంత తెల్లగా ఉంటాయటే?"

మన ఆడవాళ్లంతా చేట పట్టినవాళ్లే. ఏరితే ఏ బియ్యమైనా తెల్లగానే ఉంటుందని వాళ్లకు తెలుసు. ఒక్కరూ నోరు విప్పలేదు.

సువార్తమ్మ జకరయ్య వైపు తిరిగింది. "పెద్దాయనా, ఊడ్చినవి నీవే అని మీరే అన్నారు కదా?"

"నేననలేదు" అన్నాడు జకరయ్య.

ఆయన భార్య వైపు తిరిగింది. "అమ్మా, మీరు పక్కనే ఉన్నారు కదా?"

ఆవిడ పైట సర్దుకుంది.

సంఘం వైపు తిరిగింది. "మీరంతా విన్నారు కదా?"

అందరూ తల దించారు. ఆ తల దించినవాళ్లలో మా తాత తాత ఉన్నాడు, మీ తాత తాత ఉన్నాడు. లేడని చెప్పే మొహం ఎవరికుంది?

అంకమ్మ ఒక్కతే లేచింది. "ఆ బియ్యం మాకోసం తెచ్చిందయ్యా! తను తినడానికి కాదు."

"నీకోసం దొంగిలించిందని నువ్వే చెబుతున్నావు" అన్నాడు జకరయ్య.

సువార్తమ్మ మూటను గుమ్మం మీద పెట్టింది. చీపురు గోడకు ఆనించింది. చేట చంకన పెట్టుకుని వెళ్లిపోయింది. ఆమె వెనక రాళ్లు కొట్టేవాళ్లంతా లేచి వెళ్లిపోయారు. చాపల మీద చోటే చోటు. ఆ రోజు పాట ఎవరూ గట్టిగా పాడలేదట.

దొంగ అన్న పేరు పడ్డాక వడ్లు దంచడానికి ఎవరూ పిలవలేదు. కొన్నాళ్లు అంకమ్మ గంజి పోసింది. తరవాత కొండ దగ్గర పని అయిపోయింది. రాళ్లు కొట్టేవాళ్లు వేరే ఊరికి కదిలారు. "మాతో రా అవ్వా" అని అంకమ్మ బతిమాలింది.

"నేను దొంగనని వెళ్లిపోయానంటారు. ఇక్కడే ఉంటాను" అంది సువార్తమ్మ.

వానలు మొదలయ్యాయి. మళ్లీ ఏదో పని మీద అంకమ్మ, పోలయ్య, ఆ ముసలాయన ఈ దారిన వచ్చారు. ముందు సువార్తమ్మ గుడిసెకే వెళ్లారు. తలుపు దగ్గరగా వేసి ఉంది. లోపల ఆమె చల్లబడి ఉంది. పక్కింటివాళ్లు కూడా చూడలేదు. చూడటం మానుకుని చాలా రోజులైంది.

పోలయ్య గుడికి వెళ్లి చెప్పాడు. జకరయ్య వచ్చాడు, భార్య వచ్చింది, సంఘమంతా వచ్చింది. గుడిసెలో మూడు కుండలున్నాయి.

మొదటి కుండలో నీళ్లు.

రెండో కుండలో అడుగున మట్టి బెడ్డలు, ఇసక, నాలుగు నూకలు. ఆమె తిన్నది అందులోంచి.

మూడో కుండ నోటికి గుడ్డ కట్టి ఉంది. విప్పారు. తెల్లని బియ్యం. ఒక్క రాయి లేదు, ఒక్క నూక లేదు. ఒక్క పిడికెడు తీసుకుని వండుకున్నా ఇంకో నాలుగు రోజులు బతికేది.

అంకమ్మ జకరయ్య వైపు తిరిగింది.

"పెద్దాయనా, ఈ బియ్యం ఎవరికోసం దాచిందో తెలుసా? గుమ్మం దగ్గరకి వచ్చేవాళ్లకోసం. ఈ మట్టి ఎవరికోసం దాచుకుందో తెలుసా? తనకోసం. దొంగ తినే తిండేనా ఇది? చెయ్యి పెట్టి చూడు."

జకరయ్య రెండో కుండలో చెయ్యి పెట్టాడు. బయటికి తీశాడు. ఆయన చేతిలో ఏముందో అందరూ చూశారు.

"నేనన్నాను" అన్నాడు. "ఊడ్చినవి నీవే అని నేనే అన్నాను."

అప్పుడు అన్నాడు. ఎవరికి పనికొచ్చింది?

ఆమెను పోలయ్య, ముసలాయన, మనవాళ్లు ఇద్దరు మోశారు. ఆ మూడో కుండను తెచ్చి గుడి గుమ్మం పక్కన పెట్టారు. ఇప్పుడున్నది ఆ కుండ కాదు. అది ఎప్పుడో పగిలింది. పగిలినప్పుడల్లా కొత్తది పెడతాం. పేరు మాత్రం సువార్తమ్మ కుండే.

మన గుడిలో బియ్యం తెచ్చినవాళ్లు కూడా ముందు ఆ కుండలో పోస్తారు. అందులోంచి అందరూ ఒక పిడికెడు తీసుకుని లోపలికి వెళతారు. కలిగినవాళ్లూ అంతే, లేనివాళ్లూ అంతే. ఎవరు వట్టి చేతులతో వచ్చారో ఎవరికీ తెలియదు. కొత్తవాళ్లు కనిపిస్తే "జరగండి, చోటుంది" అంటాం. అనాలి. సోమవారం వాళ్ల ఇంటికి వెళ్లి పిల్లల పేర్లు అడుగుతాం. అడగాలి. ఇవాళ నువ్వు అనలేదు. నేనూ అనలేదు. రేపు సోమవారం. ఆమె ఇల్లు ఎక్కడో కనుక్కుందాం.

జకరయ్య సంగతి అడుగుతావా? చెబుతాను.

పెద్దరికం వదిలేశాడు. ముందు చాప వదిలేశాడు. గోడకు ఆనించిన ఆ చీపురు తీసుకుని గుడి ఊడ్చాడు. ప్రతి ఆదివారం కుండ పక్కన నిలబడి, ఒక పిడికెడు బియ్యం తీసి, వచ్చేవాళ్ల వైపు చెయ్యి చాపేవాడు.

"తీసుకో అమ్మా" అనేవాడు. "తీసుకో అయ్యా" అనేవాడు. "లోపల చోటుంది" అనేవాడు.

ఎవరూ ఆయన్ని తిట్టలేదు. ఎవరూ ఆయన్ని తోసెయ్యలేదు. వంగి, కుండలోంచి తామే తీసుకుని లోపలికి వెళ్లేవాళ్లు. తల దించినవాళ్లు కూడా, తమ తప్పు సైతం ఆయన మీదే పెట్టి, ఆయన చేతిని దాటుకుని వెళ్లేవాళ్లు. మన మంచితనం ఆ పాటిది.

ఒకసారి అంకమ్మ వచ్చింది. జుట్టు నెరిసింది. జకరయ్య చెయ్యి చాపాడు.

"తీసుకో తల్లీ."

అంకమ్మ ఆయన చేతిని చూడలేదు. ముఖం చూసింది. చాలాసేపు చూసింది. వంగి కుండలోంచి ఒక పిడికెడు తీసుకుని లోపలికి వెళ్లింది.

ఆయన అలా పదహారేళ్లు నిలబడ్డాడు. ఒక ఆదివారం పాట అయ్యాక చూస్తే గుమ్మానికి ఆనుకుని కూర్చుని ఉన్నాడు. ప్రాణం లేదు. స్నానం చేయించడానికి వచ్చినవాళ్లు కుడి పిడికిలి విప్పబోయారు. రాలేదు. వేళ్ల సందుల్లోంచి తెల్లగా గింజలు కనిపించాయి.

విప్పకుండానే పూడ్చిపెట్టారు. పదహారేళ్లు చాపిన పిడికెడు, ఒక్కరూ అందుకోని పిడికెడు, ఆయనతోనే మట్టిలోకి పోయింది.