ముంగిస టీచరు కొన్న సైకిలు

అనగనగా ఒక అడవి. ఆ అడవి మధ్యగా నున్నటి తారురోడ్డు. రోడ్డు చివర పిల్లల బడి. ఆ బడికి టీచరు మరకతం అనే ముంగిస. తాళంచెవి ఆవిడ దగ్గరే ఉండేది. బడి ముందు చెట్టూ చేమా లేదు, పైన గద్ద తిరుగుతుంటుంది. ఆవిడ వచ్చి తలుపు తీసేదాకా పిల్లల ప్రాణాలకు పూచీ లేదన్నమాట.

ఇన్నాళ్లూ మరకతం తెల్లారకముందే లేచి నడిచేది. ఈ ఏడు మోకాళ్లు మొరాయించాయి. సైకిలు కొందామని ఎలుగుబంటి జంబయ్య కొట్టుకు వెళ్లింది.

"మీ దారి ఎలాంటిది టీచరమ్మా?" అని అడిగాడు జంబయ్య.

"అంతా తారురోడ్డే. మధ్యలో ఒక రాళ్ల వాగు. వంద అడుగులుంటుందేమో."

"అయితే ఈ హైబ్రిడ్ సైకిలు తీసుకోండి. తేలిక. రోడ్డు మీద సాఫీగా పోతుంది. వాగు దగ్గర దిగి నెట్టుకుపోతే సరి."

మరకతం మూతి ముడిచింది. "దిగి నెట్టాలా? అక్కడ కోతులన్నీ కూర్చుని ఉంటాయి. నన్ను చూసి పకపకా నవ్వవూ! రాళ్ల మీద కూడా తొక్కగలిగేది ఇవ్వండి."

"అది మౌంటెన్ బైక్ అమ్మా, కొండలెక్కేవాళ్లది. టైర్లు లావు, బరువెక్కువ. రోజూ రోడ్డు మీద తొక్కితే ఆయాసం" అన్నాడు జంబయ్య. ఆవిడ వింటేగా!

మొదటి రోజు మరకతం వాగును దర్జాగా దాటింది. కోతులు చప్పట్లు కొట్టాయి. ఆ తర్వాత రోడ్డంతా రొప్పుతూ బడికి ఆలస్యంగా చేరింది.

రెండో రోజు ఇంకా ముందే బయల్దేరింది. కోతులు ఈలలు వేశాయి. కానీ కాళ్లు పీకేసి దారిలో రెండుసార్లు కూలబడింది. పిల్లలు గుమ్మం ముందు బిక్కుబిక్కుమంటూ నిలబడ్డారు. "అలవాటైతే అదే తేలికవుతుందిలే" అని తనకు తనే సర్దిచెప్పుకుంది.

మూడో రోజు బడి ఇంకా కాస్త దూరంలో ఉండగానే గద్ద కిందికి దూకింది. దాని గోళ్లకు చిక్కి పింజి అనే కుందేలు పిల్ల కీచుమంది. మరకతం సైకిలు పడేసి అరుస్తూ పరుగెత్తింది. పిల్లలు రాళ్లు రువ్వారు. గద్ద వదిలేసి ఎగిరిపోయింది. పింజి బతికింది గానీ ఎడమ చెవి కొస తెగిపోయింది.

మరకతం పింజి చెవికి కట్టు కట్టింది. "కోతులు నవ్వుతాయని భయపడ్డాను తల్లీ. నీ గురించి భయపడాల్సింది" అని ఏడ్చేసింది.

ఆ సాయంత్రమే కొట్టుకు వెళ్లి, సైకిలు ఇచ్చేసి హైబ్రిడ్ తెచ్చుకుంది. జంబయ్య ఒక్క మాట కూడా దెప్పలేదు. మంచివాడు.

మర్నాడు వాగు దగ్గర దిగి, చీర కుచ్చిళ్లు ఎగదోపి, సైకిలు నెట్టింది. కొమ్మలు ఊగిపోయేలా నవ్వాయి కోతులు. మరకతానికి సిగ్గుతో చెవులు వేడెక్కాయి. అయినా ఆగలేదు. రోడ్డెక్కాక సైకిలు ఝామ్మని సాగింది.

పిల్లలు వచ్చేసరికి బడి తలుపులు బార్లా తెరిచి ఉన్నాయి. గుమ్మంలో మరకతం నిలబడి ఉంది. పింజి ఆశ్చర్యంగా చూసింది.

"టీచర్, ఇవాళ మా కోసం మీరు ఎదురుచూస్తున్నారా?"

నీతి: నలుగురూ ఏమనుకుంటారోనని కాక, రోజూ పోయే దారినీ, ఆ దారి చివర మనకోసం కాచుకున్నవాళ్లనీ చూసి ఎంచుకోవాలి.