ఠాణా కొయ్యకు ఊరి తాళంచెవులు

దొంగల కన్నా కాపలావాళ్ళ బెడదే ఎక్కువైన ఒక పట్టణంలో కొత్వాలు గజపతి కొత్త చాటింపు వేయించాడు: "మీ క్షేమం కోసం ప్రతి ఇంటి మారు తాళంచెవీ ఠాణాలో కొయ్యకు వేలాడాలి!"

బుట్టలల్లే సింగారమ్మకు ఒళ్ళు మండింది. ఇప్పటికే భటులు వేళాపాళా లేకుండా జొరబడి ఉట్టి మీది కుండలు కూడా తడుముతున్నారు. ఇక తాళంచెవి కూడా ఇచ్చేస్తే ఆ ఇల్లు తనదెలా అవుతుంది? తిన్నగా రాజసభకెళ్ళి మొరపెట్టుకుంది.

"తప్పు చేయనిదానివైతే నీకు దాపరికమెందుకే?" గద్దించాడు అక్కడే ఉన్న కొత్వాలు.

"ఇస్తానయ్యా! ఠాణా అంత భద్రమైతే, ముందు మహారాజుగారి ఖజానా తాళంచెవి ఆ కొయ్యకు తగిలించండి. దాని పక్కనే నాదీ తగిలిస్తా."

రాజు కొత్వాలు వైపు చూశాడు.

"అమ్మో, వద్దు ప్రభూ!" కంగారుపడ్డాడు కొత్వాలు. "అన్ని తాళంచెవులూ ఒక్కచోటుంటే దొంగ ఠాణా ఒక్కటి కొడితే చాలు, ఊరంతా వాడిదే! పైగా మా భటుల్లో ఎవడెలాంటివాడో..."

అంతలోనే నాలుక కరుచుకున్నాడు.

"నేను మొత్తుకునేదీ అదే కదయ్యా!" నెత్తి కొట్టుకుంది సింగారమ్మ.

చాటింపు రద్దయింది. సింగారమ్మ ఇంటికెళ్ళి, లోపల గడియ పెట్టుకుని, హాయిగా తలంటుకుంది.