గడ్డిలోంచి వచ్చిన కూత

పిల్లలూ, ఇదివరకు నేనేదీ రాసి ఎరగను. నోటితో చెప్పినట్టే రాస్తున్నాను, వినండి.

అనగనగా ఏటి అవతల ఒక చిట్టడవి. అక్కడ ఎవరు ఎవరికి తిండి పెట్టారో గుంటనక్కే గుర్తుపెట్టుకునేది. అది చెప్పిందే లెక్క. కుందేలు దుంపలిచ్చి వస్తే, "నువ్వెప్పుడిచ్చావ్?" అనేది. తనకు మాత్రం అందరూ బాకీ అనేది.

ఒకరోజు గడ్డిలోంచి ఒక గొంతు వినిపించింది. "ఒక్కరి నోటిని నమ్మకండి. తిండి ఇచ్చినవాళ్ళ పేరున ఒక కూత వెయ్యండి. దాన్ని అడవిలో ప్రతి ఒక్కరూ మళ్ళీ పలకాలి. అందరూ పలికితేనే ఆ కూత నిలుస్తుంది. ఆ పేరుగలవాళ్ళు ఆకలేసినప్పుడు ఒక కూత వదులుకుని ఎవరి దగ్గరైనా తిండి తీసుకోవచ్చు."

పద్ధతి అందరికీ నచ్చింది. నక్క ఆటలు కట్టాయి. ఆ గొంతు ఎవరిదో మాత్రం తెలియలేదు. గడ్డిలో బోలెడు పిట్టలు మరి!

ఆ గొంతు ఒక కౌజుపిట్టది. నలుగురిలోకి రావాలంటే దానికి మహా భయం.

కొన్నాళ్ళకు నెమలి పురి విప్పుకుని వచ్చింది. "ఆ పద్ధతి పెట్టింది నేనే! సాయంత్రం నా పేరున వంద కూతలు వెయ్యండి," అంది.

"ఎవరికేం పెట్టావు నాయనా?" అంది ముసలి ఏదుపంది.

"ఇంత తెలివి పెట్టాను, చాలదా?"

"పద్ధతి పెట్టినవాడు అడిగితే కాదంటామా?" అని గొణిగాయి కొన్ని.

కౌజుపిట్టకు కాలు నిలవలేదు. ఇటు పోయింది, అటు వచ్చింది. గింజ నోట పెట్టుకుని మింగడం మరిచింది. వంద కూతలంటే అడవిలో తిండంతా నెమలికే పోతుంది. ఎండాకాలం పిల్లలేం తింటాయి?

"ఏంటే ఆ తిరుగుడు? నాకు కళ్ళు తిరుగుతున్నాయి," అంది దాని జోడు మగపిట్ట. "పోయి నేనేనని చెప్పెయ్యరాదూ? నెమలి నోరు మూతపడుతుంది."

"నా నోరు తెరుచుకుంటుందయ్యా! రేపటి నుంచి ప్రతి తగువుకీ నన్నే చెప్పమంటారు. నక్క పోయి కౌజు వచ్చినట్టవుతుంది."

"నువ్వు మోసం చెయ్యవు కదే!"

"ఇవాళ చెయ్యను. కరువొచ్చి మన పిల్లలు ఏడిస్తే?"

మగపిట్ట తన ముందున్న గింజను పిల్లల వైపు నెట్టింది.

సాయంత్రం నెమలి కూసింది. "నెమలికి వంద కూతలు!"

మిగతావి పలికాయి. కౌజుపిట్ట మాత్రం పలకలేదు.

"గడ్డిలో ఎవరో పలకలేదు," అంది కుందేలు.

నెమలి మళ్ళీ కూసింది. ఈసారి కుందేలూ పలకలేదు.

"ఎవరే గడ్డిలో? బయటికి రా!" అని అరిచింది నెమలి.

"ఎవరైతేనేం?" అంది కౌజుపిట్ట గడ్డిలోంచే. "నువ్వెవరికేం పెట్టావో చెప్పు."

నెమలి మూడోసారి కూసింది. అడవంతా నోరు మెదపలేదు. నెమలి పురి ముడుచుకుని పోయింది.

తెల్లారి కౌజుపిట్ట పిల్లల్ని వెంటేసుకుని గింజలేరడానికి బయల్దేరింది. దారిలో ఉడుత ఆపింది. "వదినా, ఆ పద్ధతి పెట్టింది ఏనుగంట, తెలుసా?"

"అట్టాగా!" అని కౌజుపిట్ట కళ్ళు పెద్దవి చేసి, గింజలేరుకుంటూ ముందుకు పోయింది.

నీతి: పద్ధతి పెట్టినవాళ్ళకైనా ఆ పద్ధతే వర్తించాలి.